రన్ అంటే పరుగెత్తడమేనా?

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పిల్లలకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి చెప్పమన్నారు. నేను ఒక్క మాట గురించే చెబుతాను. రన్.

పిల్లలూ, రన్ అంటే? చూశారా, అందరూ ఒక్క గొంతుతో పరుగెత్తడం అన్నారు. గైడులో అంతే ఉంటుంది మరి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు దీనికోసమే తొమ్మిది నెలలు కూర్చున్నారు.

ముక్కు కారితే రన్. ఉతికిన చీర రంగు దిగితే రన్. వంటింట్లో పంచదార నిండుకుంటే రన్ అవుట్. క్రికెట్లో రన్ అవుట్ సంగతి మీకే బాగా తెలుసు. డబ్బు వెనక్కి తీసుకోవడానికి జనమంతా బ్యాంకు మీద పడితే అదీ రన్నే. అమెరికాలో ఎన్నికలకు రన్ చేస్తారు, ఇంగ్లండులో స్టాండ్ అవుతారు. మన దగ్గరా నిలబడతారు. గెలిచాక కనబడరు, అది వేరే సంగతి.

ఇంగ్లీషువాళ్లు పరుగెత్తించేవి మనం నడిపిస్తాం. హోటల్ నడుపుతాం, బస్సు నడుపుతాం. ఆఖరికి శని కూడా నడుస్తుంది! సినిమా మాత్రం వంద రోజులు ఆడుతుంది. ఊపిరాడటం లేదంటే కబడ్డీ ఆడటం లేదని ఏ పిల్లాడూ అనుకోడు. సందర్భాన్ని బట్టి అర్థం పట్టుకునే తెలివి వాళ్లకు ఇంట్లోనే వచ్చేసింది. దాన్ని బడిలో మనమే పోగొడుతున్నాం.

ఇప్పుడు నా కడుపుమంట చెబుతాను. ఒకసారి పేపర్లు దిద్దే క్యాంపులో ఉన్నాను. పాఠంలో ఒకావిడ చిన్న కొట్టు ‘ర్యాన్’ చేసిందని, అంటే మన రన్నే చేసిందని ఉంది. అర్థం రాయమన్నారు. మాకిచ్చిన జవాబుల కీలో ‘మేనేజ్డ్’, అంటే నడిపింది అని ఉంది. ఒక పిల్ల ‘లుక్డ్ ఆఫ్టర్’, అంటే చూసుకుంది అని రాసింది. గైడులో లేని మాట, వాక్యం చదివి తనంతట తాను పట్టుకున్న మాట! మార్కు ఇవ్వాలన్నాను. పైనున్నాయన కీ చూపించి, “ఇందులో లేదు మాస్టారూ” అన్నాడు. వాదించాను. టీ చల్లారింది గానీ మార్కు రాలేదు. పరుగెత్తింది అని రాసినవాళ్లకూ సున్నాయే, ఈ పిల్లకూ సున్నాయే. ఇదెక్కడి న్యాయమండీ?

టైమైందని చీటీ వచ్చింది. ఆగండి, ఒక్క నిమిషం. కార్యదర్శి గారూ, ఈ గ్రంథాలయంలో లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటుంది, నాకు తెలుసు. బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు చింపేస్తారంటారు. చింపనివ్వండి, ఇంకోటి నేను కొనిస్తాను. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇప్పుడే, ఈ సభలోనే చెప్పండి.