డోరు సందుకు కోసిన మార్కులు

అందరికీ నమస్కారం. రేపటి పాత కార్ల పోటీకి మనమే జడ్జీలం కాబట్టి, పొద్దున ఏడింటికల్లా మీరంతా అట్టా పెన్నూ పట్టుకుని మైదానంలో ఉండాలి. రూల్సు కాగితం మీ చేతిలోనే ఉంది, అది నేను చదవను. నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

కొన్నేళ్ల కిందట పోటీలో ఒకే క్లాసులో, అంటే ఒకే విభాగంలో, రెండు అంబాసిడర్లు పడ్డాయి. రెండూ మార్క్ 2 అనే పాత మోడలువే. ఒకటి అద్దంలా ఉంది. డోరుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు సమానం. రెండోది ఒక రిటైర్డ్ మాస్టారిది. రంగు వెలిసింది, సీటు కుట్లు ఊడాయి, డోరు సందులో పైన చిటికెన వేలు పడుతుంది, కింద పట్టదు. ఆ సందుకు నేను మార్కులు కోశాను.

ఫలితాలయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి, "బాబూ, ఇది ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఇలా. సరిచేయించనందుకా మార్కులు తీసేశారు?" అన్నారు. నోట మాట రాలేదు. 2014లో తయారీ ఆగేదాకా అంబాసిడర్ డోర్లు ఎలా పడేవో నడిపినవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు!

ఇంతకీ గెలిచిన కారుకున్నవి క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పూత) మెరుపు, రేడియల్ టైర్లు. మార్క్ 2 వచ్చిన రోజుల్లో ఫ్యాక్టరీ ఆ రెండూ ఇచ్చేది కాదు. రంగు కింద లప్పం ఎంత మందాన పట్టించారో, యజమానిని అడిగి బట్ట చుట్టిన అయస్కాంతం ఆనిస్తే, అది ఎంత గట్టిగా అతుక్కుంటుందో చూసి తెలిసిపోయేది. అడగలేదు. మెరుపు చూసి పడిపోయాను.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు లెండి. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట జరిగే కార్ల పోటీ 1950లో మొదలైంది. రీస్టోర్ చేయకుండా, అంటే కొత్తదానిలా తిరిగి తయారుచేయకుండా, ఉన్నదున్నట్టు కాపాడుకున్న కార్ల విభాగం నుంచి ఒక కారు మొత్తం పోటీలో మొదటి బహుమతి కొట్టడం 2024 దాకా జరగలేదు. ఆ ఏడు గెలిచింది 1934 నాటి బుగాటీ టైప్ 59, వెలిసిన నల్ల రంగుతోనే.

ఎండతోనూ తంటాయే. ఎనిమిదింటికి కనిపించని పాలిష్ గీతలు పదకొండింటికి సాలెగూడులా తేలతాయి. పోటాపోటీగా ఉన్న కార్లను చివర్లో ఒకే ఎండలో మళ్లీ చూడండి.

ఇక మొహమాటం. ఈ ఊళ్లో పాత కార్లవాళ్లమంతా ఒకే షెడ్డు ముందు టీ తాగేవాళ్లం. స్నేహితుడి కారు మీ క్లాసులో ఉంటే ముందే చెప్పి తప్పుకోండి. ఏమీ అనుకోరు. అనుకున్నా రెండు రోజులే.

మాస్టారి కారు రేపు కూడా వస్తోంది. ఆ క్లాసు నాకు వేయొద్దని నిర్వాహకులకు చెప్పేశాను. ఈసారి ఆయనకు ఎక్కువ వేసేస్తానేమోనని నా భయం.