అలమరలో నాలుగు చొక్కాలు

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో అలమర కింది అరలో నాలుగు బేస్‌బాల్ చొక్కాలు మడతపెట్టి ఉంటాయి. నాలుగూ షికాగో వైట్ సాక్స్ టీమ్‌వే. వాటి వెనక పేర్లు వరసగా సేల్, అబ్రేయు, సీస్, క్రోషే. రంగు పోలేదు, బొత్తాలు ఊడలేదు. అయితే ఆ పేర్లు గలవాళ్లలో ఒక్కరు కూడా ఇప్పుడు ఆ టీమ్‌లో లేరు. వాటిని చింపి దుమ్ము తుడిచే గుడ్డలు చేసుకుంటానని మా ఆవిడ ఏటా అంటుంది. నేను ఏటా వద్దంటాను.

మాది తెనాలి దగ్గర పల్లె. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాం. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నన్ను ఈ పిచ్చిలోకి దించింది ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన. ఆయన షికాగో సౌత్ సైడ్‌లో పుట్టి పెరిగిన మనిషి. 2005లో వైట్ సాక్స్ వరల్డ్ సిరీస్, అంటే ఏడాది చివరి ఫైనల్, గెలిచింది. హ్యూస్టన్ మీద నాలుగుకి నాలుగు మ్యాచ్‌లూ గెలిచి, 88 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చింది. మర్నాడు పొద్దున ఆయన ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు వచ్చీ రాగానే చూసేశావయ్యా. మా నాన్న చూడకుండానే పోయాడు" అన్నారు. అదీ నాకు ఈ టీమ్ అంటుకున్న విధం.

అదే టీమ్ 2024లో 162 మ్యాచ్‌లు ఆడి 121 ఓడిపోయింది. గెలిచినవి 41. ఆధునిక బేస్‌బాల్‌లో ఒక్క ఏడాదిలో అన్ని మ్యాచ్‌లు ఏ టీమూ ఓడలేదు. అంతకుముందు రికార్డు 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది, 120 ఓటములు. ఆ మెట్స్ అప్పుడే పుట్టిన కొత్త టీమ్. మాది 1901 నుంచీ ఉన్న టీమ్. జూలై 10న మొదలుపెట్టి ఆగస్టు 5 దాకా వరసగా 21 మ్యాచ్‌లు ఓడారు. ఆగస్టు 6న ఓక్లండ్‌లో ఒకటి గెలిచారు. రెండు రోజులకి మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే మన లెక్కలో కోచ్. పోనివ్వండి, ఆయన్ని ముందే తీసేసినా నాలుగైదు మ్యాచ్‌లకి మించి తేడా వచ్చేది కాదని నా నమ్మకం. వంటవాణ్ణి మార్చినంత మాత్రాన సరుకులు మారవు కదా.

అసలు గొడవంతా సరుకుల దగ్గరే. అంటే రోస్టర్ దగ్గర, ఆటగాళ్ల జాబితా దగ్గర. ఒక మేజర్ లీగ్ టీమ్‌లో ఏ రోజైనా ఆడటానికి సిద్ధంగా 26 మంది ఉంటారు. వాళ్ల వెనక మైనర్ లీగుల్లో, నాలుగు మెట్లలో, కుర్రాళ్లు తయారవుతుంటారు. దీన్ని ఇక్కడ ఫార్మ్ సిస్టమ్ అంటారు. ఆ మాట వినగానే నాకు మా ఊరి నారుమడి గుర్తొస్తుంది. నారు బాగుంటేనే నాటు, నాటు బాగుంటేనే కోత. మడిలో కొంత నారు అదనంగా ఉంచుకుంటాం, ఎక్కడైనా మొక్క చచ్చిపోతే ఆ ఖాళీలో పెట్టడానికి. వైట్ సాక్స్ అదనపు నారు ఉంచుకోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, అయితే చొక్కాల వరసలో చెబుతాను.

మొదటి చొక్కా క్రిస్ సేల్‌ది. పొడుగ్గా, సన్నగా, ఎడం చేత్తో పక్క నుంచి కొరడా ఝుళిపించినట్టు విసిరే పిచ్చర్, మన లెక్కలో బౌలర్. ఈయనకీ చొక్కాలకీ ఒక కథ ఉంది. 2016 జూలైలో పాతకాలపు డిజైన్ చొక్కాలు వేసుకు ఆడమని టీమ్ చెబితే, అవి సౌకర్యంగా లేవని మ్యాచ్ ముందు వాటిని కోసిపారేశాడు. అయిదు రోజులు సస్పెండ్ చేశారు. ఆ డిసెంబరులో బోస్టన్‌కి ట్రేడ్ చేసేశారు. ట్రేడ్ అంటే మన ఐపీఎల్ వేలంలాంటిది కాదు. డబ్బుకి కాదు, మనిషికి మనిషి. సేల్‌ని ఇచ్చి యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్‌లతో కలిపి నలుగురు కుర్రాళ్లని తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది హోసే కింటానాని మా ఊళ్లోనే ఉన్న శత్రువు కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమేనెస్‌ని, డిలన్ సీస్‌ని తెచ్చారు. క్యూబా నుంచి లూయిస్ రాబర్ట్ వచ్చాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేనూ చప్పట్లు కొట్టాను. మూడేళ్లు ఓడండి, తర్వాత పదేళ్లు గెలుద్దాం అన్నారు. ఓడాం. 2020లో ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలకి, వెళ్లాం, 2021లో 93 గెలిచి మా డివిజన్‌లో, అంటే మా గుంపు టీముల్లో, మొదట నిలిచాం, హ్యూస్టన్ చేతిలో మొదటి మెట్టులోనే పోయాం. పదేళ్ల కోత అనుకున్నది రెండేళ్లలో అయిపోయింది. 2022లో సరిగ్గా 81 గెలిచి 81 ఓడారు. 2023లో 101 ఓటములు. తర్వాతది చెప్పాను కదా.

ఏమైందంటే, తెచ్చుకున్న నారు మంచిదే. కానీ ఒకే రకం. రెండో చొక్కా, హోసే అబ్రేయు చొక్కా చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. అబ్రేయు ఫస్ట్ బేస్ ఆడేవాడు, అంటే బ్యాటర్ మొదట పరుగెత్తే మూల కాసేవాడు. 2020లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. మనిషి బంగారం. సరే, ఫస్ట్ బేస్‌లో అబ్రేయు ఉండగా 2019 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, మూడో స్థానంలో ఎవర్ని తీసుకున్నారు? ఆండ్రూ వాన్‌ని. అతనూ ఫస్ట్ బేసే. గావిన్ షీట్స్ కూడా ఫస్ట్ బేసే. హిమేనెస్ పేరుకి లెఫ్ట్ ఫీల్డ్, అంటే దూరంగా ఎడమ వైపు కాపలా, గానీ అతను బంతిని పట్టుకోబోతుంటే మాకు గుండె దడ. ఇంతమందికీ చోటు ఒక్కటే. దాంతో వాన్‌ని తీసుకెళ్లి ఔట్‌ఫీల్డ్‌లో నిలబెట్టారు. షీట్స్‌ని రైట్ ఫీల్డ్‌లో పెట్టారు. పెళ్లికి అయిదుగురు సన్నాయివాళ్లని పిలిచి, డోలు లేదని అందులో ఒకడి మెడలో డోలు వేసినట్టు.

ఓ ఆదివారం మా అమ్మాయితో మైదానంలో రైట్ ఫీల్డ్ వైపు కూర్చున్నాను. ఆ స్టేడియంలో మొక్కజొన్న గింజలు వలిచి, కారం, నిమ్మరసం, చీజ్ వేసి కప్పులో ఇస్తారు. ఎలోటే అంటారు, మెక్సికో వంట. మన బండి మీద పొత్తుకి నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసిన రుచికి దగ్గరగా ఉంటుంది, అందుకే మేం వెళ్లిన ప్రతిసారీ కొంటాం. ఆ కప్పు చేతిలో పట్టుకుని చూస్తున్నాను. మామూలు ఎత్తు బంతి మా వైపు వచ్చింది. మా ఫీల్డర్ ముందుకు రెండడుగులు వేశాడు, ఆగాడు, వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బంతి అతని వెనక పడి గోడ దాకా దొర్లింది. స్కోరుబోర్డు మీద దాన్ని తప్పిదంగా కూడా వెయ్యలేదు, ఎందుకంటే అతను బంతిని ముట్టుకోనే లేదు. పుస్తకాల్లో అది బ్యాటర్ గొప్ప, పిచ్చర్ లోపం. నేను అతన్ని తిట్టలేకపోయాను. జన్మలో తనది కాని చోట నిలబెట్టింది అతనా?

2022 తర్వాత అబ్రేయు హ్యూస్టన్‌కి వెళ్లిపోయాడు. వదులుకోవడం తప్పని అనను, అక్కడ అతని బ్యాట్ పూర్తిగా చల్లబడిపోయింది. అయితే తొమ్మిదేళ్లు మోసినవాణ్ణి పంపించి చోటు చేసి ఇచ్చిన వాన్ మాత్రం ఇక్కడ మామూలుగానే మిగిలాడు. 2025 జూన్‌లో మిల్వాకీకి ట్రేడ్ చేశారు. అక్కడికి వెళ్లగానే బాదడం మొదలెట్టాడు. గంటన్నర దూరం మిల్వాకీ మాకు. ఆ గంటన్నర దారిలో ఏం నేర్చుకున్నాడో నాకైతే అర్థం కాలేదు.

దీనికి తోడు గాయాలు. హిమేనెస్ 2021 మార్చిలో, ఇంకా అసలు సీజన్ మొదలవకుండానే, గోడ దాటిపోతున్న బంతి కోసం చెయ్యి చాచి ఛాతీ కండరం తెంపుకున్నాడు. అందే బంతి కాదది, ప్రాక్టీస్ మ్యాచ్ కూడా. ఆ ఏడాదే రాబర్ట్‌కి తుంటి దగ్గర కండరం చిరిగింది. 2024లో మోంకాడా ఆడింది మొత్తం 12 మ్యాచ్‌లు. గాయాలు అందరికీ అవుతాయి. పక్క టీముల్లో ఒకడు పడిపోతే మైనర్ లీగ్ నుంచి ఇంకొకడు పైకొస్తాడు. మాకు పైకి రావడానికి మనిషి లేడు. ఉన్నవాళ్లని ముందే పంచిపెట్టేశాం కాబట్టి. 2016లో జేమ్స్ షీల్డ్స్ అనే వయసు మీరిన పిచ్చర్ కోసం పదిహేడేళ్ల కుర్రాణ్ణి ఒకణ్ణి శాన్‌డియేగోకి ఇచ్చేశారు. ఆ కుర్రాడి పేరు ఫెర్నాండో తాతీస్ జూనియర్. తర్వాత ఏమయ్యాడో బేస్‌బాల్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి, సూపర్‌స్టార్ అయ్యాడు, అంతే.

డబ్బు సంగతి కూడా ఒక మాట. యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981 నుంచీ ఉన్నారు, షికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ టీమ్ కూడా ఆయనదే. అమెరికాలో మూడో పెద్ద నగరం మాది. పక్క టీములు ఒక్కో ఆటగాడికి మూడొందల మిలియన్ డాలర్లు రాసిస్తుంటే, మా టీమ్ చరిత్రలోనే అతి పెద్ద ఒప్పందంగా 2024 సీజన్‌కి నిలిచి ఉన్నది ఆండ్రూ బెనింటెండికి అయిదేళ్లకి ఇచ్చిన 75 మిలియన్లు. పొదుపు మంచిదే. ఎరువు దగ్గర పొదుపు చేసిన రైతుని మాత్రం నేను చూడలేదు, చూసినా వాడి పొలం చూడబుద్ధి కాలేదు.

2023 ఆగస్టులో పాత పెద్దల్ని తీసేసి, బయట ఎవర్నీ వెతక్కుండా, లోపలివాడే అయిన క్రిస్ గెట్జ్‌ని జనరల్ మేనేజర్, అంటే ఆటగాళ్లని ఎంచి తెచ్చే పెద్ద, చేశారు. ఆయన వచ్చిన కొత్తలో, మన టీమ్ నాకు నచ్చలేదని పైకే అనేశారు. నిజాయితీకి మెచ్చుకోవాలి. దానికి చేసిన మందు చూడండి. చవగ్గా దొరికే పాతకాపుల్ని, బాగా పట్టుకుంటారు గానీ కొట్టలేరని పేరున్నవాళ్లని తెచ్చి నింపారు. 2024లో 162 మ్యాచ్‌ల్లో కలిపి చేసిన పరుగులు 507. అంటే మ్యాచ్‌కి మూడు. మొత్తం లీగ్‌లో అందరికన్నా తక్కువ.

ఆ ఏడాది సీజన్ మొదలవకముందే, మార్చిలో, నా మూడో చొక్కా పోయింది. సీస్‌ని శాన్‌డియేగోకి ట్రేడ్ చేశారు. జూలై 25న సీస్ అక్కడ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం వేశాడు. నో హిట్టర్ అంటారు, పిచ్చర్‌కి జీవితంలో ఒక్కసారి దొరికితే గొప్ప. ఆ రోజుకి మా వాళ్లు ఆ 21 ఓటముల వరస మధ్యలో ఉన్నారు. అంతటితో అయిందా? ఆ ఏడాది చివర్న, అట్లాంటాకి ఆడుతున్న సేల్‌కి నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్ బహుమతి వచ్చింది, సై యంగ్ అవార్డు. మొదటి చొక్కా అలా నన్ను చూసి నవ్వింది.

సెప్టెంబరు 24 రాత్రి గురించి చెప్పాలి. అప్పటికి ఓటములు 120. ఇంకొకటి ఓడితే కొత్త రికార్డు. ఆ రాత్రి జనం చాలామంది అది చూడ్డానికే వచ్చారు. మా పెద్దాయనా నేనూ వెళ్లాం, ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి వెనకబడే ఉన్నాం. ఆ ఏడాది అలా వెనకబడి ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవలేదు. స్టాండ్స్‌లో, టీమ్ అమ్మేయండి, అమ్మేయండి అని అరుపులు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు చేసి 3-2తో గెలిచేశారు! గెలిచారని కేకలు వేసినవాళ్లున్నారు, టిక్కెట్టు డబ్బు దండగైందని తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఓడటం కూడా సరిగ్గా చేతకాదు వీళ్లకి" అని పడీపడీ నవ్వారు. రికార్డు మూడు రోజుల తర్వాత డెట్రాయిట్‌లో పడింది. అదే రాత్రి డెట్రాయిట్ ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది, మైదానంలో వాళ్ల పండగ.

అంత ఘోరంగా ఓడినవాళ్లకి మరుసటి డ్రాఫ్ట్‌లో మొదటి కుర్రాడు దక్కాలి కదా అంటారు. దక్కలేదు. పెద్ద ఆదాయమున్న ఊళ్ల టీములు వరసగా రెండేళ్లు, డ్రాఫ్ట్ వరస తేల్చే లాటరీలో ముందు స్థానం తీసుకోకూడదని నియమం. మేం ముందటేడు అయిదో స్థానం వాడేసుకున్నాం. కాబట్టి చరిత్రలో చెత్త టీమ్ 2025లో పదో స్థానంలో నిలబడింది. ఓడటానికి కూడా ఏడాది చూసుకుని ఓడాలి.

నాలుగో చొక్కా గారెట్ క్రోషే. ఆ 121 ఓటముల ఏడాదిలో చూడదగ్గది ఇతను బంతి వేసే రోజులే. 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. మా అమ్మాయి పుట్టినరోజుకి ఆ చొక్కా కావాలంది. ఉంచుకుంటారా ఇతన్ని అని అనుమానపడుతూనే కొన్నాను. డిసెంబరులో బోస్టన్‌కి పంపించారు. మరుసటి ఏడాది అక్కడ 255 స్ట్రైకౌట్లు. అమ్మాయి రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

అయితే ఈ ట్రేడ్‌ని నేను తిట్టను. సేల్‌ని ఇచ్చినప్పటిలాగే నలుగురు వచ్చారు, కానీ ఈసారి వేరువేరు చోట్లవాళ్లు. కైల్ టీల్ క్యాచర్, చేజ్ మైడ్‌రాత్ ఇన్‌ఫీల్డర్, ఇంకొకడు ఔట్‌ఫీల్డర్, ఒకడు పిచ్చర్. ఎవరి చోటు వాడిది. మొదటిసారి నారు రకాలు చూసి పోశారనిపించింది. 2025లో మళ్లీ 102 ఓడారు, నిజమే. కానీ జూలైలో కోల్సన్ మాంట్‌గొమరీ అనే కుర్రాడు పైకొచ్చి 71 మ్యాచ్‌ల్లో 21 హోమ్‌రన్లు కొట్టాడు. షార్ట్‌స్టాప్ అతను, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాసేవాడు. షార్ట్‌స్టాప్‌గా పెరిగి, షార్ట్‌స్టాప్‌లోనే ఆడుతున్నాడు. మీకిది చిన్న విషయంలా వినిపించవచ్చు. మాకు కాదు.

మొన్న అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. మాంట్‌గొమరీ చొక్కా. నేను అలమర వైపు చూశాను.

"నాన్నా, లెక్క చూశాను. ఆరేళ్ల సర్వీసు నిండేదాకా అతను ఎక్కడికీ పోలేడు. 2031 దాకా మనవాడే" అంది.

"వాళ్లంతట వాళ్లే ట్రేడ్ చేస్తేనో?"

కాసేపు ఆలోచించింది. "అయితే నాలుగేళ్లనుకో."

సైజు ఎంత అని అడిగాను.