ప్రొద్దుటూరు బంగారం, అనంతపురం బుడ్డలు: ధర ఎక్కడ తేలుతోంది?

(కడప స్టూడియోలో జరిగిన చర్చ మొదటి భాగం. పాల్గొన్నవారు: ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి, కడపలో అర్థశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, అనంతపురం జిల్లా వేరుశనగ రైతు. సీమలో వేరుశనగను బుడ్డలు అంటారు.)

యాంకర్: అందరికీ నమస్కారం. అన్నా, మీతోనే మొదలుపెడదాం. పొద్దున అంగడి తీసేటప్పుడు ఆ రోజు రేటు ఎట్ల కడతారు?

వ్యాపారి: మూడు లెక్కలమ్మా. లండన్‌లో ఔన్సు, అంటే 31.1 గ్రాములు, ఎన్ని డాలర్లుంది? డాలరుకు ఎన్ని రూపాయలు? దిగుమతి సుంకం ఎంత? మూడింట్లో ఏదీ ప్రొద్దుటూరులో తేలేది కాదు. 2024 జులై 23న బడ్జెట్‌లో సుంకం 15 శాతం నుంచి 6కు దించారు. పది గ్రాముల మీద రేటు వేలల్లో పడింది. కొనేవాళ్లకు సంతోషమే. పాత సుంకం కట్టి సరుకు తెచ్చి పెట్టుకున్న అంగళ్లకు మాత్రం ఆ తేడా అంతా నష్టం.

యాంకర్: మళ్లీ పెరిగింది కదా?

వ్యాపారి: 2025 అక్టోబరులో ఔన్సు 4,000 డాలర్లు దాటింది. సుంకం తగ్గిన మేలు యాడికి పోయిందో కూడా తెలీలేదు. పెండ్లికి పది తులాలు అనుకున్న ఇంట్లో ఐదుతో సరిపెట్టుకుంటాండారు.

అధ్యాపకురాలు: దీని మూలం 2022లో ఉంది. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. కొద్ది రోజుల్లోనే అమెరికా, యూరప్ దేశాలు రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న నిల్వలను, సుమారు 30 వేల కోట్ల డాలర్లను, కదలకుండా కట్టేశాయి. డాలర్లలో పెట్టుకున్న సొమ్ము ఒక్క ఉత్తర్వుతో చిక్కుకుపోతుందని మిగతా దేశాలన్నీ చూశాయి. బంగారం సొంత ఖజానాలో ఉంటే ఆ భయం లేదు. 2022, 2023, 2024... మూడేండ్లూ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు కూడా ఇంగ్లండ్‌లో ఉంచిన బంగారంలో కొంత వెనక్కి తెచ్చుకుంది. ప్రొద్దుటూరులో మేలిమి కొనే తల్లికి పోటీగా నిలబడింది పక్కింటావిడ కాదు, దేశాల ఖజానాలు.

రైతు: మేడమ్, మాకు బంగారం కొనేది తక్కువ, బ్యాంకులో పెట్టేది ఎక్కువ. ఏటా విత్తనాల కాలానికి ఆడోళ్ల గాజులు, గొలుసులు పంట రుణానికి పోతాయి. రేటు పెరిగితే అప్పు నాలుగు రూపాయలు ఎక్కువ పుడుతుంది, అంతే. తీర్చేది మాత్రం బుడ్డలు అమ్మే తీర్చల్ల.

యాంకర్: నూనెల సంగతికి వద్దాం. ఆ యుద్ధం అక్కడా తగిలింది.

అధ్యాపకురాలు: గట్టిగా. వంటనూనెలో సగానికి పైగా మనం బయటి నుంచే తెచ్చుకుంటాం. సన్‌ఫ్లవర్ నూనెకు ఉక్రెయిన్ పెద్ద దిక్కు. అది ఆగింది. అదే ఏడాది ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె చాలడం లేదని పామాయిల్ ఎగుమతి ఆపేసి, మే 23న మళ్లీ వదిలింది. ఆ నెలలో ఇక్కడ ప్యాకెట్ ధర ఎట్ల మండిందో ఇంటింటికీ తెలుసు. మన ప్రభుత్వం సుంకాలు తగ్గించింది. ఆ పరిస్థితిలో అది సరైన పనే.

రైతు: అప్పటిది నేను తప్పు పట్టడం లేదు మేడమ్. తర్వాతది అడుగుతాండా. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 చేసిరి. ఇంగ మన పంటకు గిట్టుబాటు వస్తుందనుకుంటిమి. 2025 మే 28న మద్దతు ధర క్వింటాలుకు 480 రూపాయలు పెంచి 7,263 చేసిరి. రెండు దినాలకే, 30వ తేదీ, ముడి నూనెల సుంకం 16.5కు దించిరి. జూన్‌లో విత్తనం వేయల్ల. అప్పటికే కాయలు ఒలిపించి, అప్పు తెచ్చుకోని వానకు కాచుకోని ఉంటాం. పెంచింది కాగితం మీద, దించింది మార్కెట్లో.

అధ్యాపకురాలు: మీ బాధ నిజం. ఒక మాట మాత్రం చెప్పాలి. పామాయిల్ చౌక, వేరుశనగ నూనె ఖరీదు. ఒకదాని సుంకం తగ్గితే రెండోది అంతే తగ్గదు. రిజర్వ్ బ్యాంకు ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలి. నూనె మండితే వడ్డీ దించడం కష్టం. వడ్డీ దిగకపోతే మీ మిల్లువాళ్ల సీసీ లిమిట్, అంటే సరుకు కొనడానికి బ్యాంకులో వాడుకునే అప్పు, మీద భారం. వాళ్లు ఆ భారం...

రైతు: మా మీదే వేస్తారు. తెలుసు.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు.)

అధ్యాపకురాలు: అదే చెప్తున్నా. రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 2022 మే మొదట్లో 4 శాతం ఉండేది, 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ సున్నా దగ్గరున్న వడ్డీని 2023 జులైకి 5.25–5.5 దాకా తీసుకుపోయింది. అక్కడ వడ్డీ పెరిగితే విదేశీ పెట్టుబడి అటు మళ్లుతుంది, రూపాయి తగ్గుతుంది. 2022లో డాలరు 80 దాటింది, 2025 డిసెంబరులో 90. చమురు, పామాయిల్, బంగారం అన్నీ డాలర్లలోనే కొంటాం.

యాంకర్: మన సరుకుకు మేలు జరిగే సందర్భాలు లేవా?

అధ్యాపకురాలు: మన మంగంపేట గనుల ముగ్గురాయి, అంటే బెరైటీస్, ఉంది కదా. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో అది కలుపుతారు. చమురు ధర బాగుంటే తవ్వకాలు పెరుగుతాయి, రాయికి గిరాకీ. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్, అంటే ముందస్తు ఒప్పందాల, ధర సున్నా కంటే కిందికి పోయింది. తవ్వేవాళ్లే ఆగితే రాయి ఎవరికి కావాలి? మేలూ కీడూ ఒకే దారిన వస్తాయి.

వ్యాపారి: మేడమ్, నాదొక ప్రశ్న. సుంకం మార్చే ముందు చెప్పరెందుకు?

అధ్యాపకురాలు: ముందే చెబితే దిగుమతిదారులు గోదాములు నింపుకుంటారు. బంగారంలో దొంగ రవాణా పెరుగుతుంది. అందుకే రాత్రికి రాత్రి చేస్తారు. యుద్ధాన్ని మనం ఆపలేం కానీ, దీనికి దారి ఉంది. అంతర్జాతీయ ధర ఇంత కిందికి పోతే సుంకం ఇంత పెరుగుతుంది, ఇంత పైకి పోతే ఇంత తగ్గుతుంది అని ఒక పట్టిక ఖాయం చేసి ప్రకటించాలి. రైతు దాన్ని చూసి ఏం వేయాలో తేల్చుకుంటాడు.

రైతు: ఆ పట్టిక మే మొదట్లోనే రావల్ల. పంట చేతికొచ్చేదాకా దాన్ని ముట్టకూడదు. కందులు వేయల్లనో, బుడ్డలు వేయల్లనో అప్పుడు మేమే చూసుకుంటాం.

యాంకర్: చిన్న విరామం తర్వాత ఫోన్లు తీసుకుందాం. ఆదోని నుంచి పత్తి రైతు ఒకరు లైన్లో ఉన్నారు.