సున్నా చూపించే అయస్కాంతం: పలుచని లోహపు పొరల్ని కొలిచే పని

అందరికీ నమస్కారం. ఫిజిక్స్ విద్యార్థులతో పాటు వేరే సబ్జెక్టుల వాళ్లు, టీచర్లు కూడా వచ్చారని నిర్వాహకులు చెప్పారు. అందుకని సమీకరణాల జోలికి పోకుండా ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ఒక లోహపు ముక్కను అయస్కాంతత్వం కొలిచే యంత్రంలో పెట్టాం. యంత్రం సున్నా చూపించింది. అందులో అయస్కాంతత్వం లేనట్టేనా?

లేనట్టు కాదని 1980లలో ఇనుము, క్రోమియం పొరల దగ్గర తేలింది. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో పీటర్ గ్రున్‌బెర్గ్ బృందం రెండు ఇనుప పొరల మధ్య పలుచని క్రోమియం పొర పెట్టి చూసింది. క్రోమియం మందం సరిగ్గా కుదిరితే, ఒక ఇనుప పొర అయస్కాంత దిశ ఎటు ఉంటే రెండోది దానికి ఎదురుగా తిరుగుతుందని 1986లో ప్రకటించింది. రెండూ నిఖార్సయిన అయస్కాంతాలే. మొత్తం కలిపి కొలిస్తే మాత్రం ఏమీ మిగలదు. 1988లో పారిస్ దగ్గర ఓర్సేలో ఆల్బెర్ ఫెర్ బృందం ఇలాంటి జతల్ని అరవై దాకా పేర్చింది. ఒక్కో ఇనుప పొర 3 నానోమీటర్లు, ఒక్కో క్రోమియం పొర 0.9 నానోమీటర్లు. దాన్ని 4.2 కెల్విన్‌కి చల్లబరిచి 2 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) క్షేత్రం పెడితే విద్యుత్ నిరోధం దాదాపు సగానికి పడిపోయింది. జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్, అంటే జీఎంఆర్, ఇదే. ఆ రోజుల్లోనే గ్రున్‌బెర్గ్ బృందం కూడా విడిగా దీన్ని కనిపెట్టింది. 2007లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది.

ఆ బహుమతి సంగతి చాలామందికి తెలుసు. వాళ్లు కొలిచింది ఎంత చిన్న విషయాన్నో తెలిస్తే ఆ పని మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. 3 నానోమీటర్ల ఇనుము అంటే ఇరవై ఒకటో ఇరవై రెండో పరమాణు వరుసలు, అంతే. ఒక చిన్న లెక్క చూద్దాం. పూర్తిగా అయస్కాంతీకరించిన ఇనుములో ఘన సెంటీమీటరుకు సుమారు 1,710 ఈఎంయూ మొమెంట్, అంటే అయస్కాంత భ్రామకం, ఉంటుంది. ఈఎంయూ అనేది దాన్ని లెక్కపెట్టే పాత యూనిట్, ల్యాబుల్లో ఇప్పటికీ అదే వాడతాం. మనం తయారుచేసిన ముక్క 5 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు అనుకోండి. దాని మీద 1 నానోమీటరు ఇనుము పరిస్తే మొత్తం మొమెంట్ 43 మైక్రో ఈఎంయూ వస్తుంది. ఈ 43 అన్న అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇంత చిన్న దాన్ని పట్టుకునే యంత్రాల్లో మన ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్, పొట్టిగా వీఎస్ఎం. అమెరికాలో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో సైమన్ ఫోనర్ 1950లలో దీన్ని రూపొందించాడు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే చుట్టలో వోల్టేజ్ పుడుతుందని ఫారడే చెప్పింది మనం పదో తరగతిలోనే చదివాం. శాంపిల్‌ను అయస్కాంత క్షేత్రంలో పెట్టి పైకీ కిందకీ ఊపుతూ ఉంటే, పక్కనున్న కాయిల్స్‌లో వచ్చే వోల్టేజ్ దాని మొమెంట్ ఎంతో చెబుతుంది. 1959లో అచ్చయిన వ్యాసంలో ఫోనర్ తన పరికరం బొమ్మ వేసి ప్రతి భాగానికీ నంబర్ ఇచ్చాడు. ఊపడానికి వాడింది లౌడ్‌స్పీకర్. దానికి తగిలించింది శంకువు ఆకారపు కాగితం కప్పు. ఆ కప్పు నుంచి కిందికి దిగే కడ్డీ, కూల్‌డ్రింక్ తాగే స్ట్రా. స్ట్రా చివర శాంపిల్. కాగితం, స్ట్రా ఎందుకంటే అవి తేలిక, పైగా వాటి సొంత అయస్కాంత సిగ్నల్ చాలా తక్కువ.

ఆ బొమ్మలో నాకు బాగా నచ్చిన భాగం ఇంకొకటుంది. అదే స్ట్రాకి పై భాగంలో ఇంకో తెలిసిన శాంపిల్ కట్టి, దానికి వేరే కాయిల్స్ పెట్టాడు ఫోనర్. లౌడ్‌స్పీకర్ ఊపు కాస్త పెరిగినా తగ్గినా రెండు శాంపిళ్లూ కలిసే ఊగుతాయి, రెండు వోల్టేజ్‌లూ కలిసే మారతాయి. వాటి నిష్పత్తి తీసుకుంటే ఊపులోని తేడా కొట్టుకుపోతుంది. నమ్మదగిన కొలత రావాలంటే ఊపు కచ్చితంగా ఉండాలని పట్టుబట్టకుండా, తేడా వచ్చినా ఫలితం చెడకుండా చూసుకున్నాడు. ప్రయోగం డిజైన్ చేయడం నేర్చుకునే వాళ్లకి నేను ముందు ఈ బొమ్మే చూపిస్తాను.

ఇప్పుడు ఆ 43 దగ్గరికి వద్దాం. మంచి వీఎస్ఎం ఒక మైక్రో ఈఎంయూ దాకా పట్టగలదు కాబట్టి 43ని తేలిగ్గా కొలిచేయొచ్చు అనిపిస్తుంది. కానీ పొర గాలిలో వేలాడదు కదా, దాని కింద సిలికాన్ ముక్క ఉంటుంది. సిలికాన్ డయామాగ్నెటిక్ పదార్థం. క్షేత్రం పెట్టేకొద్దీ దానికి ఎదురు దిశలో చిన్న మొమెంట్ చూపిస్తుంది. గ్రాముకి చూస్తే చాలా చిన్నదే, కానీ అర మిల్లీమీటరు మందం సిలికాన్ మన పొరకంటే అయిదు లక్షల రెట్లు మందం. 1 టెస్లా క్షేత్రంలో ఆ సిలికాన్ ముక్క ఇచ్చే ఎదురు సిగ్నల్ ఇంచుమించు 40 మైక్రో ఈఎంయూ. అంటే మన ఒక నానోమీటరు ఇనుముకి సరిసమానం! రెండూ కలిసి యంత్రంలో దాదాపు సున్నా కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇక్కడ కనిపించే సున్నాకీ క్రోమియం తెచ్చే సున్నాకీ ఏ సంబంధమూ లేదు.

అందుకే పొర కింద ఉన్న ఆ సిలికాన్ ముక్క (దీన్నే సబ్‌స్ట్రేట్ అంటాం) వాటాను తీసేయాలి. వే బ్రిడ్జి మీద లారీని ధాన్యంతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి తేడా తీసుకున్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ లారీలో ఉన్నది గుప్పెడు గింజలు. కాబట్టి ఖాళీ లారీ తూకంలో ఇసుమంత తప్పు వచ్చినా గింజల లెక్క గల్లంతవుతుంది. ఎక్కువ మంది చేసేదేమిటంటే, పెద్ద క్షేత్రాల దగ్గర గ్రాఫ్ సరళరేఖగా వాలిపోయే భాగానికి గీత గీసి, ఆ వాలును మొత్తం డేటా నుంచి తీసేయడం. ఇనుము లాంటి పొర పూర్తిగా సాచురేట్ అయ్యాక, అంటే దాని మొమెంట్ ఇక పెరగని స్థితికి చేరాక, ఇది సరైన పద్ధతే. కానీ ఎదురెదురు దిశల్లో బిగుసుకున్న పొరల్ని తిప్పడానికి టెస్లాల కొద్దీ క్షేత్రం కావాలి. అప్పటిదాకా వాటి మొమెంట్ కూడా సరళరేఖగానే పెరుగుతూ పోతుంది. 1 టెస్లా దగ్గర గీత గీసి తీసేస్తే, సబ్‌స్ట్రేట్‌తో పాటు మనం వెతుకుతున్న ఫిజిక్స్ కూడా ఊడ్చుకుపోతుంది. అదే సిలికాన్ వేఫర్ నుంచి పొర వేయని ముక్క ఒకటి కోసి, అదే హోల్డర్‌లో పెట్టి, విడిగా కొలవడమే దీనికి మందు. టైమ్ పడుతుంది. అయినా తప్పదు.

ఇంకో శత్రువు స్టీల్ ట్వీజర్స్. శాంపిల్ అంచు పట్టుకుని ఎత్తినప్పుడు కంటికి కనిపించని ఇనుప రజను అంటుకోవచ్చు. ఒక మైక్రోగ్రాము ఇనుము అంటే, ఒక్కో వైపు 0.05 మిల్లీమీటర్లు ఉండే నలుసు. దాని మొమెంట్ సుమారు 218 మైక్రో ఈఎంయూ, అంటే మన ముక్క మీద పరిచిన 5 నానోమీటర్ల ఇనుప పొరతో సమానం. నాన్‌మాగ్నెటిక్ అయి తీరాల్సిన పదార్థంలో బుల్లి హిస్టెరిసిస్ లూప్ (క్షేత్రం పెంచి తగ్గించినప్పుడు మొమెంట్ గ్రాఫ్ గీసే మూసిన వంపు, అయస్కాంతానికి గుర్తు) కనిపిస్తే, కొత్త విషయం కనిపెట్టామని సంబరపడే ముందు అంచులు శుభ్రం చేసి మళ్లీ కొలవాలి. ప్లాస్టిక్ ట్వీజర్స్ ఖరీదు ఎంతో కాదు, ప్రతి ల్యాబూ కొని పెట్టుకోవచ్చు.

వీఎస్ఎం చాలనప్పుడు స్క్విడ్ మాగ్నెటోమీటర్ దగ్గరికి వెళ్తాం. సూపర్ కండక్టర్ రింగు సాయంతో ఇది వీఎస్ఎం కంటే వంద రెట్లు చిన్న సిగ్నల్‌ని కూడా పట్టగలదు. దీని గురించి ఒక్క హెచ్చరిక చేసి ముందుకు పోతాను. దీనిలోని సూపర్ కండక్టింగ్ మాగ్నెట్‌ని 5 టెస్లాల దాకా తీసుకెళ్లి వెనక్కి సున్నాకి తెచ్చినా, లోపల పది, ఇరవై ఓర్‌స్టెడ్ల (టెస్లాలో పదివేలో వంతుకు సమానమైన చిన్న యూనిట్) క్షేత్రం చిక్కుకుని మిగిలిపోవచ్చు. స్క్రీన్ మీద మాత్రం సున్నా అనే ఉంటుంది. పర్మలాయ్ (నికెల్, ఇనుము మిశ్రమం) లాంటి, అయస్కాంత దిశ తేలిగ్గా మారే పొర తిరగడానికి ఒకటి రెండు ఓర్‌స్టెడ్లు చాలు. అప్పుడు లూప్ తలకిందులుగా వస్తుంది. ఏ క్షేత్రానికి ఎంత మొమెంట్ చూపిస్తుందో తెలిసిన పల్లాడియం ముక్కను ముందుగా కొలిచి అసలు క్షేత్రం ఎంత ఉందో రాబట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఇక అసలు సున్నా సంగతి. సబ్‌స్ట్రేట్ వాటా తీసేశాం, రజను లేదు, క్షేత్రం నిజంగానే సున్నా, మొమెంట్ కూడా సున్నా. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. పొర ఆక్సిడైజ్ అయ్యో, పక్క లోహంతో కలిసిపోయో అయస్కాంతత్వం పోగొట్టుకుని ఉండొచ్చు. ఒక్కో పొరా లోపల చిన్న చిన్న డొమైన్లుగా, అంటే ఒక్కోటి ఒక్కో అయస్కాంత దిశ ఉన్న ప్రాంతాలుగా, విడిపోయి, అవి తలో దిక్కు చూస్తూ మొత్తం రద్దయి ఉండొచ్చు. లేదా పొరలన్నీ ఒకటి విడిచి ఒకటి ఎదురెదురుగా తిరిగి ఉండొచ్చు.

మొదటిదాన్ని తేల్చడం సులువు. క్షేత్రం పెంచుకుంటూ పోయి, చివర్లో వచ్చే మొమెంట్ ఇనుముకి ఉండాల్సినంత ఉందో లేదో చూస్తాం. వేర్వేరు మందాల్లో నాలుగైదు శాంపిళ్లు చేసి, మందానికి ఎదురుగా మొమెంట్ గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ మందం అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా దానికి కాస్త కుడివైపున తాకితే, అంత మేరకు పొర చచ్చినట్టే. దీన్ని డెడ్ లేయర్ అంటాం. ఇందుకు మందం కచ్చితంగా తెలియాలి కాబట్టి ఎక్స్-రే రిఫ్లెక్టివిటీ, అంటే పొర నుంచి తిరిగొచ్చే ఎక్స్-రేలతో మందం కొలిచే పద్ధతి, చేయాల్సిందే.

రెండో, మూడో కారణాల్ని విడదీయడం అంత తేలిక కాదు. మామూలు ఇనుప పొరలో డొమైన్లు కొద్దిపాటి క్షేత్రానికే దారికొస్తాయి. ఓర్సే శాంపిల్‌కి 2 టెస్లాలు కావాల్సి వచ్చింది. అంత మొండితనం చూస్తే పొరల మధ్య ఏదో బిగింపు ఉందని అర్థమవుతుంది, అది ఎంత బలమైనదో కూడా లెక్క తేలుతుంది. ఇంకో కిటుకు, సరి సంఖ్యలో కాకుండా బేసి సంఖ్యలో ఇనుప పొరలు వేయడం. మూడు సమానమైన పొరలు వేసి అవి ఎదురెదురుగా సర్దుకుంటే, క్షేత్రం తీసేశాక పూర్తి మొమెంట్‌లో మూడో వంతు మిగలాలి.

వెలుగుతో కూడా చూడొచ్చు. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చే వెలుగు ధ్రువణ దిశ కొద్దిగా తిరుగుతుందని స్కాట్లాండ్‌కి చెందిన జాన్ కెర్ 1877లో ప్రచురించాడు. తిరిగే కోణం డిగ్రీలో చిన్న వంతే, అయినా లేజర్‌తో హాయిగా పట్టొచ్చు. దీన్ని మోక్ (మాగ్నెటో ఆప్టిక్ కెర్ ఎఫెక్ట్) అని పిలుస్తాం. సిలికాన్ గోల ఇందులో దాదాపు ఉండదు. కానీ లోహంలోకి వెలుగు పది, ఇరవై నానోమీటర్లకు మించి పెద్దగా దిగదు. ఓర్సే శాంపిల్ మొత్తం మందం 230 నానోమీటర్ల పైనే. దానికి మోక్ చేస్తే పైనున్న అయిదారు జతల సంగతే తెలుస్తుంది. అదీగాక మోక్ కోణం చెబుతుంది తప్ప ఈఎంయూలు చెప్పదు.

సందేహం పూర్తిగా తీర్చేది న్యూట్రాన్. న్యూట్రాన్‌కి విద్యుదావేశం లేదు, కానీ అదే ఒక బుల్లి అయస్కాంతం. పొరల మీంచి పరావర్తనం చెందేటప్పుడు ఏ లోతులో అయస్కాంత దిశ ఎటు ఉందో దానికి తెలుస్తుంది. పొరలు ఒకటి విడిచి ఒకటి తిరిగి ఉంటే, అయస్కాంతపరంగా అమరిక పునరావృతమయ్యే దూరం రెట్టింపు అవుతుంది. దాంతో, ఏ కోణంలో ఎన్ని న్యూట్రాన్లు తిరిగొచ్చాయో చూపే గ్రాఫ్‌లో మామూలు శిఖరానికి సగం దూరంలో కొత్త శిఖరం మొలుస్తుంది. పెద్ద క్షేత్రం పెట్టగానే అది మాయమవుతుంది. మొత్తం మొమెంట్ కొలిస్తే సున్నా వచ్చిన చోట, ఇక్కడ నిటారుగా ఒక శిఖరం నిలబడుతుంది. ఈ కొలతకి న్యూక్లియర్ రియాక్టరో, పెద్ద యాక్సిలరేటరో కావాలి. మన దేశంలో ముంబై దగ్గర ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర ఇందుకు ప్రత్యేక పరికరం ఉంది.

నిరోధం కొలత గురించి కూడా ఒక మాట. క్షేత్రం పెడితే లోహపు నిరోధం కాస్త మారడం కొత్త విషయం కాదు, విలియం థామ్సన్ 1857లోనే గమనించాడు. ఆ పాత ప్రభావం, కరెంటుకీ క్షేత్రానికీ మధ్య ఉన్న కోణాన్ని బట్టి ఉంటుంది. కరెంటు వెంబడి క్షేత్రం పెడితే నిరోధం పెరుగుతుంది, అడ్డంగా పెడితే తగ్గుతుంది. జీఎంఆర్‌లో ఎటు పెట్టినా తగ్గుతుంది. కాబట్టి రెండు దిశల్లోనూ కొలిచి చూపించకుండా జీఎంఆర్ అని రాస్తే నేను ఒప్పుకోను.

ఆ తర్వాత ఐబీఎంలో స్టువర్ట్ పార్కిన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. ఓర్సేలో పొరల్ని ఖరీదైన మాలిక్యులర్ బీమ్ పద్ధతిలో ఎంతో నెమ్మదిగా పెంచారు. పార్కిన్ చవకైన, వేగమైన స్పటరింగ్‌తో (అయాన్లతో కొట్టి లోహపు పరమాణువుల్ని ఊడగొట్టి పొరగా పరిచే పద్ధతి) మధ్య పొర మందం కొద్దికొద్దిగా మారుస్తూ శాంపిల్ తర్వాత శాంపిల్ చేసుకుంటూ పోయాడు. 1990లో తన సహచరులతో కలిసి అచ్చువేసిన ఫలితం ఇది: మధ్య పొర మందం పెరిగేకొద్దీ దాని రెండు పక్కల ఉన్న అయస్కాంత పొరల మధ్య బంధం ఒకసారి ఎదురుగా, మరోసారి ఒకే వైపుగా, మళ్లీ ఎదురుగా, ఇలా ఊగిసలాడుతుంది. కోబాల్ట్, రుథీనియం జతలో ఈ ఊగు 1.2 నానోమీటర్లకు ఒకసారి వస్తుంది, ఇనుము, క్రోమియం జతలో సుమారు 2 నానోమీటర్లకు. ఒకే మందంతో నాలుగు పద్ధతుల్లో కొలిచినా ఇది కనిపించేది కాదు. 1997 చివర్లో ఐబీఎం జీఎంఆర్ హెడ్ (డిస్క్ మీది డేటాను చదివే భాగం) పెట్టిన 16.8 గిగాబైట్ల హార్డ్‌డిస్క్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఫెర్ బృందం వ్యాసం నుంచి అక్కడికి తొమ్మిదేళ్లు.

ఈ రంగంలోకి రాబోయే వాళ్లని ఒకటి అడుగుతాను. థీసిస్‌లోనైనా, పేపర్‌లోనైనా శుభ్రం చేసిన లూప్‌తో పాటు యంత్రం ఇచ్చిన ముడి లూప్‌ని కూడా పెట్టండి. సబ్‌స్ట్రేట్ ముక్కను విడిగా కొలిచిన గ్రాఫ్ పక్కనే ఇవ్వండి. ముక్క వైశాల్యం, పొర మందం, వాటిలో ఎంత తేడా ఉండొచ్చో రాయండి. మందంలో పది శాతం సందేహం ఉంటే ఈఎంయూల్లోనూ పది శాతం ఉన్నట్టే, అది దాచడానికి వీల్లేదు. ఇక మీరు ప్రశ్నలు అడగొచ్చు.