కల్పిత సైన్యాలకు ర్యాంకుల పేర్లు: ఏ పద్ధతి నిలుస్తుంది, ఏది తేలిపోతుంది

నమస్కారం. 1918 ఏప్రిల్ 1న బ్రిటన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పడినప్పుడు దానికి విమానాలు ఉన్నాయి, వైమానికులు ఉన్నారు, కానీ సొంత ర్యాంకుల పేర్లు లేవు. సైన్యం వాడుతున్న మేజర్, కల్నల్ వంటి పేర్లతోనే ఏడాదికి పైగా నడిచి, 1919 ఆగస్టు 1 నుంచి స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్, ఎయిర్ మార్షల్ అనే కొత్త వరుసను అది అమల్లోకి తెచ్చింది. కథల కోసమో ఆటల కోసమో కొత్త లోకాన్ని నిర్మించేవారు చేసే పనినే ఇక్కడ ఒక నిజమైన సైన్యం చేయవలసి వచ్చింది. అందుకే కల్పిత సైన్యాలకు ర్యాంకుల పేర్లు పెట్టే పద్ధతులను సమీక్షించే ఈ వీడియోను దీనితోనే మొదలుపెడుతున్నాను.

అప్పుడు పరిశీలించి పక్కన పెట్టిన ప్రతిపాదనలు మనకు మరింత ఉపయోగపడతాయి. నౌకాదళ ర్యాంకుల పేర్లన్నిటికీ ముందు 'ఎయిర్' అనే మాట చేర్చి వాడుకుందామని ఒకరు సూచించగా, తమ పేర్లను అలా తీసుకోవడానికి నౌకాదళం అభ్యంతరం చెప్పింది. గేలిక్ భాషలోని మాటలను కలిపి 'ఆర్డియన్' అనే సరికొత్త పదాన్ని తయారుచేసి, ఉన్నతాధికారులను ఆ పేరుతో పిలుద్దామన్న సూచన కూడా వచ్చింది. ఆ పదం వినసొంపుగానే ఉంది. అయితే ఆ పేరు గలవాడు ఎవరికి ఆజ్ఞ ఇస్తాడో, ఎవరి ఆజ్ఞకు లోబడతాడో అది చెప్పదు. చివరికి నిలిచినవి చాలావరకు తెలిసిన మాటల కలయికలే: స్క్వాడ్రన్, వింగ్ అనే దళాల పేర్లకు లీడర్, కమాండర్ అనే మాటలు చేరాయి. మొదటిసారి వినేవారికి కూడా ఆ మనిషి చేతి కింద ఏముంటుందో కొంత అర్థమయ్యే ఈ పద్ధతికే నా మొదటి ఓటు.

ఈ సమీక్షలో నేను వాడుతున్న కొలమానాలు రెండే. పేరు వినగానే పైవాడెవరో కిందివాడెవరో తెలియాలి. ఆ సైన్యం నిన్న కాక మొన్న పుట్టినది కాదని, దానికి ఒక చరిత్ర ఉందని ఆ పేరు నమ్మించాలి. ఈ రెండూ తరచుగా ఒకదానితో ఒకటి పోట్లాడతాయి, ఆ పోట్లాటలోనే ఈ పనిలోని ఆనందం ఉందని నా అభిప్రాయం.

తెలుగులో రాసేవారు మొదట తడబడేది ఎక్కడో చూద్దాం. సేనాని, సేనాపతి, సేనానాయకుడు, సేనాధిపతి, దళపతి, దండనాయకుడు: ఈ పేర్లన్నీ గంభీరంగా ఉంటాయి, కానీ దాదాపు అన్నీ ఒకే మాట చెబుతాయి. వీటిని ఒక నిచ్చెనలా పేర్చి ఆటలో పెడితే, సేనాని నుంచి సేనాపతిగా ఎదిగిన ఆటగాడికి తాను ఎదిగానన్న భావనే కలగదు. పర్యాయపదాల జాబితా ర్యాంకుల వరుస కాలేదు. ముందు దళాల నిర్మాణాన్ని గీసుకుని, ఆ తరువాత వాటి అధిపతులకు పేర్లు పెట్టాలి.

ఆ నిర్మాణం కోసం దూరం వెళ్లనక్కరలేదు. మహాభారతం ఆదిపర్వంలో అక్షౌహిణిని లెక్కగట్టిన తీరు నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టమైన నమూనా. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బలం కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖం, మూడు సేనాముఖాలు ఒక గుల్మం, ఆపైన గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని వరకు ప్రతి మెట్టూ కిందిదానికి మూడు రెట్లు. పది అనీకినులు కలిస్తే ఒక అక్షౌహిణి, అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. ఇందులో డిజైనరు గమనించవలసినది చివరి అంకెల పరిమాణం కాదు, మధ్య మెట్లన్నిటిలో ప్రతి అధిపతి నేరుగా ముగ్గురిని మాత్రమే నడిపిస్తాడన్న క్రమం. ఆ క్రమం కుదిరితే గుల్మపతి, వాహినీపతి, చమూపతి అనే పేర్లు వాటంతటవే ఒక వరుసలో నిలబడతాయి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: పత్తి అనగానే నేటి పాఠకుడికి చేను గుర్తుకొస్తుంది కనుక, అట్టడుగు మెట్టుకు వేరే పేరు వెతుక్కోవడం మంచిది.

అంకెలనే పేర్లుగా మార్చే పద్ధతి ఇంకా సులువైనది. మంగోలు సైన్యంలో పది, వంద, వెయ్యి, పదివేలు అనే లెక్కన దళాలు ఉండేవి, వాటిలో పదివేల దళానికి తుమెన్ అని పేరు. వందమందికి అధిపతి అని పేరులోనే చెప్పుకొనే రోమన్ సెంచూరియన్, సామ్రాజ్య కాలంలో నిజానికి దాదాపు 80 మందిని నడిపేవాడు: ఎనిమిదేసి మంది చొప్పున ఒక్కో గుడారంలో ఉండే పది జట్లు. పేరు వందను పట్టుకుని ఉండిపోయింది, సైన్యం మాత్రం మారింది. కల్పిత సైన్యానికి ఇటువంటి ఒక్క తేడాను జోడిస్తే చాలు, దాని వెనుక తరాల చరిత్ర ఉందని పాఠకుడు నమ్ముతాడు. రచయిత ఆ చరిత్ర మొత్తం రాయనక్కరలేదు.

అక్బరు కాలంలో రూపుదిద్దుకున్న మొఘలుల మన్సబ్‌దారీ విధానం అంకెలను ఇంకో మలుపు తిప్పింది. జాత్ అనే అంకె ఆ అధికారి హోదాను, జీతాన్ని నిర్ణయించేది. సవార్ అనే అంకె అతను పోషించవలసిన ఆశ్వికుల సంఖ్యను చెప్పేది. జాత్ ఎక్కువై సవార్ తక్కువైన అధికారి దర్బారులో పెద్దవాడు, యుద్ధభూమిలో చిన్నవాడు. ఆటలు తయారుచేసేవారు ఈ విధానాన్ని ఇంత తక్కువగా వాడుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఒకే మనిషికి రెండు కొలతలు ఉంటే అసూయ, బేరసారాలు, కుట్ర అన్నీ అందులోంచే పుడతాయి.

చరిత్ర ఉందన్న నమ్మకాన్ని కలిగించడంలో ఒట్టోమన్ సుల్తాను సొంత కాల్బలమైన జానిసరీలను మించినవారు లేరు. ఒక దళానికి అధిపతిని వారు చోర్బాజీ అనేవారు, అంటే సూప్ వడ్డించేవాడు. దళానికి ఉన్న పెద్ద వంటపాత్ర వారికి జెండాతో సమానం, దాన్ని బోర్లించారంటే తిరుగుబాటు మొదలైనట్టే. సుల్తాను తమకు అన్నం పెడుతున్నాడన్న భావన చుట్టూ ఆ సైన్యం అల్లుకున్నది కనుక వంటింటి పేర్లు వారికి గౌరవం తెచ్చాయి. పేరు ఎంత వింతగా ఉన్నా, ఆ సైన్యం దేన్ని పవిత్రంగా భావిస్తుందో దానితో ముడిపడితే నిలుస్తుంది. ఆ ముడి లేకుండా ఛాయాఖడ్గుడు, వజ్రనేత్రుడు వంటి పేర్లు పెడితే అవి బిరుదులవుతాయే తప్ప ర్యాంకులు కావు.

అసలు ర్యాంకులే వద్దనుకున్న సైన్యాన్ని ఊహించేవారు సోవియట్ల ఎర్ర సైన్యాన్ని చూడాలి. 1917 రష్యా విప్లవం తరువాత అక్కడ పాత ర్యాంకులను రద్దు చేసి, బ్రిగేడు కమాండరును కొంబ్రిగ్ అని, డివిజన్ కమాండరును కొందివ్ అని, చేసే పనిని బట్టే పిలిచారు. 1935లో వ్యక్తిగత ర్యాంకులు తిరిగి వచ్చాయి, 1940లో జనరల్ అనే పేరూ వచ్చింది. ఆదర్శంతో మొదలై అవసరానికి తలవంచిన ఈ ప్రయాణం ఒక నవలకు సరిపడే వస్తువు.

ఇంగ్లీషు ర్యాంకులను యథాతథంగా వాడుకునేవారికి ఒక హెచ్చరిక చేయాలి. సైన్యంలో కెప్టెన్ కింది స్థాయి అధికారి, నౌకాదళంలో కెప్టెన్ సైన్యంలోని కల్నల్‌కు సమానుడు. అంతరిక్ష నౌకలున్న ఆటలో ఈ రెండు వరుసలను కలిపేస్తే ఎవరు ఎవరికి వందనం చేయాలో ఆటగాడికి అర్థం కాదు. అలాగే మేజర్ లెఫ్టినెంట్ కంటే పైవాడైనా, లెఫ్టినెంట్ జనరల్ మేజర్ జనరల్ కంటే పైన ఉంటాడు. మేజర్ జనరల్ అసలు పేరు సార్జెంట్ మేజర్ జనరల్, కాలక్రమంలో ముందున్న సార్జెంట్ రాలిపోయింది. నవలలో ఇటువంటి వంకర అందం. ఆటలో మాత్రం భుజంపై గుర్తో రంగో తోడుగా ఇచ్చి తీరాలి.

ఎన్ని ర్యాంకులు ఉండాలన్న ప్రశ్నకు నా సలహా సూటిగా ఉంటుంది: నవలకు పాఠకుడు చూసే ఐదారు మెట్లు చాలు, ఆటలో అయితే, అధికారమో బాధ్యతో మారని మెట్టు ఒక్కటీ ఉంచకండి. వరుస పూర్తయ్యాక, గోడ కూలుతున్న వేళ ఒక సైనికుడు తన అధికారిని కేక వేసి పిలిచే సన్నివేశాన్ని రాసి, బిగ్గరగా చదవండి. మహాసైన్యాధ్యక్షుడు అనే పేరు రాజశాసనంలో బాగుంటుంది కానీ ఆ కేకలో ఇమడదు. కాబట్టి ప్రతి పెద్ద పేరుకూ సైనికులు నోటితో అనుకునే ఒక పొట్టి పేరును కూడా అదే పట్టికలో, దాని పక్క గడిలోనే రాసి పెట్టుకోండి.