సంధి పెళ్లి, పరకాయ ప్రవేశం: జానపద ప్రేమకథ అల్లిక

శ్రోతలకు నమస్కారం. పగబట్టిన రెండు రాజ్యాల మధ్య సంధి కోసం ఒక పెళ్లి, ప్రాణం మీదికి తెచ్చే ఒక మంత్రం, ఆ రెంటి నడుమ పుట్టే ప్రేమ. ఇలాంటి నవల రాయాలని ఉబలాటపడేవాళ్లకు ఈ ప్రసంగం. చాలా రాతప్రతుల్లో పెళ్లి ఒక దారిన, మంత్రం మరో దారిన పోతూ ఉంటాయి. పెళ్లి షరతు, మంత్రం గండం ఒకే మనిషి మెడకు చుట్టుకుంటేనే కథ నడుస్తుంది.

ముందు పెళ్లి సంగతి. "రెండు రాజ్యాలు వియ్యమందాయి" అని ఒక్క వాక్యంతో తేల్చేస్తే చాలదు. సంధిపత్రాన్ని నిజంగానే కాగితం మీద పెట్టండి. ఏ కోట ఎవరికి? అరణం, అంటే పుట్టింటివాళ్లు కూతురి వెంట ఇచ్చే కానుక, ఎంత? వధువు వెంట పుట్టింటివాళ్లు ఎందరు వెళతారు? పెళ్లి చెడితే ఎవరికి ఏం పోతుంది? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే నాయిక మర్నాడే లేచి పుట్టింటికి వెళ్లిపోవచ్చు, ఆపేవాడుండడు.

చరిత్రలో చూడండి. 1406 నాటి యుద్ధం తరువాత విజయనగర ప్రభువు మొదటి దేవరాయలు తన కూతురిని బహమనీ సుల్తాను ఫిరోజ్ షాకు ఇచ్చాడని చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. పది లక్షల హొన్నులనే బంగారు నాణేలు, ఐదు మణుగుల ముత్యాలు, యాభై ఏనుగులు, అరణంగా బంకాపురం కోట. ఇంత జరిగినా స్నేహం నిలవలేదు. ఎందుకంటే అల్లుడు తిరిగి వెళ్లేటప్పుడు దేవరాయలు విడిది దాకా సాగనంపకుండా మధ్యదారిలోనే వెనుదిరిగాడట. సుల్తానుకు అది తల కొట్టేసినట్టయింది. పదేళ్లు దాటాక పానగల్లు దగ్గర మళ్లీ యుద్ధం. రచయితకు ఇంతకంటే ఏం కావాలి? దుష్ట మంత్రి కుట్ర అక్కర్లేదు, తప్పిన మర్యాద ఒక్కటి చాలు.

ఇంకొకటి. శ్రీకృష్ణదేవరాయలు కృష్ణా నదికి ఉత్తరాన గెలిచిన భూమిని ఒడిశా రాజు గజపతికి తిరిగి ఇచ్చి, ఆయన కూతురిని పెళ్లాడాడు. ఆమె భర్త ఆదరణకు నోచుకోక కంభంలో కాలం గడిపిందనీ, ఆ బాధను ఐదు సంస్కృత శ్లోకాలుగా చెప్పుకుందనీ ఐతిహ్యం. చరిత్ర రాజు వైపు నిలబడి మాట్లాడుతుంది. నవల ఆమె గదిలోకి వెళ్లాలి.

ఇక మంత్రం. ఎవరు చేయగలరు, ఎంతసేపు నిలుస్తుంది, చేసినవాళ్లకు ఏం నష్టం, నడుమ చెడితే ఏమవుతుంది? ఈ నాలుగూ రాయడం మొదలుపెట్టక ముందే తేలిపోవాలి. మన కథల్లో దీనికి మంచి పాఠం పరకాయ ప్రవేశం. శంకరాచార్యులు అమరుక రాజు శవంలో ప్రవేశించిన కథ తెలిసిందే. ఆయన దేహం గుహలో ఉంటుంది, శిష్యులు కాపలా కాస్తారు. వెళ్లినాయన రాజభోగాల్లో పడి తానెవరో మరిచిపోతాడు. గడువు దాటుతుంది. ఈలోగా రాజులో వచ్చిన మార్పు పసిగట్టిన మంత్రులు, దొరికిన కళేబరాలన్నీ కాల్చేయమని భటులను పంపుతారు. గడువు, మరపు, కావలి, నిప్పు. ప్రమాదం శత్రువు కత్తిలోనే కాదు, మంత్రం స్వభావంలోనే ఉంది.

ఈ మంత్రాన్ని మన నాయికకు ఇద్దాం. గడువు ఏడు ఘడియలు. ఘడియకు ఇరవై నాలుగు నిమిషాల లెక్కన మూడు గంటలకు పన్నెండు నిమిషాలు తక్కువ. వెళ్లిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం పోతుంది, ఏది పోతుందో ఆమె చేతిలో లేదు. సంధిపత్రంలో ఒక షరతు: పెళ్లయిన ఏడాదిలోపు రాణి మరణిస్తే సరిహద్దు కోట మెట్టినింటివారికి దక్కుతుంది. ఇప్పుడు ఆమె మంచం మీద ఊపిరి లేకుండా పడి ఉంది. తలుపు దగ్గర కూర్చున్నది నిన్నటి దాకా శత్రువైన భర్త. దాసి లోపలికి వచ్చి చెయ్యి పట్టుకుంది, చల్లగా తగిలింది. కేక పెట్టబోయింది. పొద్దు వాలకముందే దహనం జరిపించాలని మామగారు కబురంపాడు. భర్త ఇక్కడ తన తండ్రికి అబద్ధం చెప్పాలి: "నిద్రమందు వేసుకుంది నాన్నగారూ, లేపవద్దని వైద్యుడి మాట." కోటను, తండ్రిని ఒకవైపు పెట్టి ఆమెను ఎంచుకున్నాడు. వెన్నెల, ఉద్యానవనం లేకుండానే ప్రేమ కనిపించింది.

నిడివి సంగతి. అరవై వేల మాటల నవల అనుకుంటే పెళ్లి మొదటి ఏడెనిమిది వేల మాటల్లో అయిపోవాలి. మంత్రం వికటిస్తే ఎలా ఉంటుందో పెళ్లికి ముందే, వేరే మనిషి మీద చూపండి. ఆ తరువాత నాయిక దాన్ని మూడుసార్లకు మించి వాడకూడదు. నాలుగోసారికి పాఠకుడి భయం చచ్చిపోతుంది. మొదటిసారి చిన్న జ్ఞాపకం, ఊరి గుడి పేరు వంటిది. రెండోసారి తల్లి ముఖం. మూడోసారి భర్తనే మరిచిపోయే గండం ఉందని ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి.

ఎక్కువగా చెడేది ముగింపు దగ్గరే. అప్పటిదాకా లేని తాయెత్తు ఒకటి ఊడిపడి పోయినవన్నీ తిరిగి ఇచ్చేస్తుంది. ఆ పని చేయకండి. పోయింది పోయినట్టే ఉండాలి.

ఒక మాట గట్టిగా చెబుతాను. ఇష్టంలేని పెళ్లి అని చెప్పి, భర్త బలవంతాన్ని శృంగారంగా రాసేవాళ్లున్నారు. అది ప్రేమకథ కాదు. రాజ్యాలు ఆమెను అడగలేదు కాబట్టే అతను అడగాలి, కాదన్నప్పుడు ఆగాలి. ఆమె ఒప్పుకున్న ఘట్టానికి కనీసం ఒక పూర్తి అధ్యాయం కేటాయించండి.

చివరి అధ్యాయంలో సంధిపత్రం మళ్లీ బయటికి రావాలి. ఈసారి షరతులు వాళ్లిద్దరూ రాసుకుంటారు. సరిహద్దు కోట ఎవరిదో అక్కడ స్పష్టంగా తేల్చండి, పాఠకులు తప్పకుండా అడుగుతారు. సెలవు.