మీటరులో 12 వోల్టులు ఉంది, లైటు మాత్రం వెలగదు! పాత స్పోర్ట్స్ కారు మీద టెస్ట్ ల్యాంప్ రివ్యూ

నమస్తే అండి. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. నా వెనక కనిపిస్తున్నది సాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల కారు, ఫైబర్ బాడీ, రెనో 1.2 లీటర్ ఇంజన్. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక్క నిమిషం ఆపితే చాలు, ఇది ఏ కంపెనీ బండి అని ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. నాకు ప్రాణం ఈ కారంటే.

అయితే ఈ రోజు రివ్యూ కారుది కాదు. ఇదిగో, దీనిది. టెస్ట్ ల్యాంప్. స్క్రూడ్రైవర్ లాంటి పిడి, అందులో చిన్న 12 వోల్టుల బల్బు, ముందు సూది, వెనక వైరు, వైరు చివర క్లిప్పు. అంతే. నేను 160 రూపాయలకు కొన్నాను. పక్కనున్నది డిజిటల్ మల్టీమీటర్, అంటే వోల్టేజ్, కరెంటు కొలిచే మీటరు, దీనికి 1,400 అయింది. రెండింటికీ ఒకే పని అప్పజెప్పాను. కారు తలుపు తీస్తే లోపల లైటు వెలగడం లేదు, ఎందుకో కనిపెట్టాలి.

కారు సంగతి కొంచెం చెప్పాలి. నా దగ్గరికి రాకముందు ఇది బారువలో, సముద్రానికి దగ్గర్లో ఒక షెడ్డులో ఏళ్ల తరబడి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఆ షెడ్డు రేకులు లేచిపోయాయి. వాన, ఉప్పుగాలి, తడి ఇసుక అన్నీ తిన్నదీ బండి. నేను కొన్నాక ఒక షాపుకి తీసుకెళ్తే, మొత్తం వైరింగ్ మార్చాలి, 18 వేలు అవుతుందన్నారు. ఒక్క లైటు కోసం! షాపు పేరు చెప్పను. వాళ్లు బల్బు కవరు కూడా విప్పలేదన్నదే నా బాధ.

సరే, పనిలోకి వద్దాం. ముందు బల్బు. ఇది రెండు చివరలా లోహపు టోపీలున్న పొడుగు బల్బు, ఫెస్టూన్ అంటారు. నా కారులో ఉన్నది 36 మిల్లీమీటర్లది, 5 వాట్లు. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే వెలిగింది. ఫ్యూజు కూడా బాగానే ఉంది. ఇక్కడ మీకు ఒక చిట్కా. చాలా పాత కార్లలో లోపలి లైటు, గడియారం, స్టీరియో మెమరీ ఒకే ఫ్యూజు మీద నడుస్తాయి. లైటు ఆరిపోయి, స్టీరియో కూడా స్టేషన్లు మర్చిపోతోందంటే ముందు ఆ ఫ్యూజు తీసి చూడండి. నా స్టీరియో అన్నీ గుర్తుపెట్టుకుంటోంది, కాబట్టి ఫ్యూజు మీద నాకు అనుమానం లేదు.

ఇప్పుడు మీటరు. ఎర్ర వైరు బల్బు హోల్డర్‌లో కరెంటు వచ్చే వైపు, నల్ల వైరు తలుపు స్విచ్చు దగ్గర ఎర్త్ వైరు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే వైరు మీద పెట్టాను. చూడండి, 12.3. కరెంటు ఉంది, ఎర్త్ ఉంది, బల్బు మంచిది. మరి లైటు ఎందుకు వెలగదు? ఇక్కడే నేను రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. స్విచ్చు మార్చాను, హోల్డర్ మార్చాను. ఏం మారలేదు.

చివరికి డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. లారీల కరెంటు పని చేస్తారు. నా మాటంతా విని, "మీటరు మాట పక్కనెట్టు బాబూ, బల్బు ఏటంటందో చూడు" అన్నారు. ఆయన చేతిలో ఉన్నది ఇలాంటి టెస్ట్ ల్యాంపే. ఇంటికొచ్చే దారిలోనే ఇది కొన్నాను.

క్లిప్పు అదే ఎర్త్ వైరుకి పెట్టాను. సూది అదే కరెంటు వైపు. చూస్తున్నారా? చీకటి. మీటరు 12.3 చూపించిన చోటే, ల్యాంపు కనీసం ఎర్రబడటం కూడా లేదు. ఇప్పుడు క్లిప్పు తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెడుతున్నాను, సూది ఉన్నచోటే ఉంది. భగ్గుమని వెలిగింది! అంటే కరెంటు రావడంలో లోపం లేదు, తిరిగి వెళ్లే దారి, అంటే ఎర్త్, తెగిపోయినంత పని అయింది.

మరి మీటరు అబద్ధం చెప్పిందా? లేదండి. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది. అది కరెంటును దాదాపు లాగనే లాగదు. వైరు లోపల కుళ్లి, చిలుము మీదుగా ఏ కాస్త తగులుతున్నా, మీటరులో వోల్టేజ్ దాదాపు పూర్తిగా కనిపిస్తుంది. 5 వాట్ల బల్బుకి అలా కుదరదు, దానికి సుమారు 0.4 ఆంపియర్ పారాలి. కుళ్లిన వైరు అంత మోయలేదు. ఎండిన కాలువలో చెయ్యి పెడితే తడి తగులుతుంది, అంతమాత్రాన మడి తడవదు కదా.

నా కారులో ఈ తిప్పలు ఎక్కువ కావడానికి ఇంకో కారణం ఉంది. ఇనుప బాడీ కారులో బాడీయే ఎర్త్. లైటు ఎక్కడున్నా దగ్గర్లో ఒక స్క్రూ బిగిస్తే సరిపోతుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. అందుకే ప్రతి లైటు నుంచి ఒక ఎర్త్ వైరు ఇనుప చట్రం దాకా వెళ్లాలి. ఆ వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే, కార్పెట్ కింద ఇదిగో ఈ లగ్గు, అంటే వైరు చివర బోల్టుకి బిగించే లోహపు రింగు, దొరికింది. కెమెరా దగ్గరికి తెస్తాను. చుట్టూ పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిలా రాలుతోంది. వైరు పైతొడుగు చూస్తే కొత్తదానిలా ఉంది. బ్లేడుతో చీల్చాను. లోపల రాగి నల్లబడిపోయింది, జానెడు దూరం వరకు అంతే. ఉప్పు తేమ పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది, అందుకే లగ్గు ఒక్కటి మారిస్తే సరిపోదు. రాగి మెరుస్తూ కనిపించేదాకా కోశాను, కొత్త వైరు కలిపాను, కొత్త లగ్గు నొక్కి బిగించాను. చట్రం మీద పెయింటు గరుకు కాగితంతో గీసి, బోల్టు బిగించి, పైన వేజ్‌లైన్ రాశాను. లైటు వెలిగింది. ఈ వైరుకి అయిన ఖర్చు 60 రూపాయలు.

కథ ఇక్కడితో అయిపోలేదు. మూడు రోజుల తర్వాత బండి తాళం తిప్పితే టిక్ అని ఒక్క శబ్దం. బ్యాటరీ డౌన్.

ఈసారి మీటరే కాపాడింది. బ్యాటరీ ఛార్జ్ చేశాక మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టాను. అలా పెట్టినప్పుడు స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది. తలుపులు మూసి ఉన్నాయి. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ నుంచి పోయే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. నాకు 430 వచ్చింది. ఆ అంకె చూడగానే తెలిసిపోయింది, అందులో ఎక్కువ భాగం మన 5 వాట్ల బల్బుదే. నా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్. నిండుగా ఉన్నా 80 గంటలకు ఖాళీ, స్టార్టర్ అయితే అంతకు చాలా ముందే చేతులెత్తేస్తుంది.

తలుపు మూశాక లైటు ఆరిందో లేదో బయట నుంచి పగటిపూట తెలియదు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి సీటు మీద పెట్టి తలుపు మూయండి. నేను అలాగే చేశాను, లైటు వెలుగుతూనే ఉంది. తలుపు కొంచెం వాలిపోయి, స్విచ్చు బటన్‌ని పూర్తిగా నొక్కడం లేదు. ఎర్త్ పాడై ఉన్నన్నాళ్లూ ఈ లోపం దాక్కుంది. తలుపు బందుల బోల్టులు వదులు చేసి, తలుపుని పైకెత్తి మళ్లీ బిగించాను.

ఎల్ఈడీ వేయొచ్చు కదా అని మీలో చాలామంది అడుగుతారు. వేసి చూశాను. వెలుతురు తెల్లగా బాగుంది, కరెంటు తక్కువ. కానీ స్విచ్చులో తేమ ఉంటే, ఆ కాస్త లీకేజీకే ఎల్ఈడీ రాత్రంతా మినుకుమినుకుమంటుంది. పాత కారుకి నేను 5 వాట్ల మామూలు బల్బే ఉంచాను. 10 వాట్లది మాత్రం వేయకండి, ఆ వేడికి ప్లాస్టిక్ కవరు గోధుమ రంగుకి తిరిగి వంకర పోతుంది.

నా తీర్పు: పాత కారున్న ప్రతి ఒక్కరూ టెస్ట్ ల్యాంప్ కొనాలి. లైట్లకు, హారన్‌కు, ఫ్యూజులకు ముందు ఇదే వాడండి. కానీ ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద, ఇంజన్ కంప్యూటర్‌కి వెళ్లే సెన్సర్ వైర్ల మీద దీన్ని పెట్టొద్దు. బల్బు లాగే కరెంటుకి కంప్యూటర్, సెన్సర్లు పాడవొచ్చు, ఎయిర్‌బ్యాగ్ అయితే పేలిపోవచ్చు. సెన్సర్ల దగ్గర మీటరే వాడాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మాత్రం మీటరు కూడా పెట్టొద్దు.

ఇప్పుడు ఫోన్ సీటు మీద పెడుతున్నాను. తలుపు మూస్తున్నాను... ఆరింది. బయట మీటరు 14 మిల్లీ ఆంపియర్లు చూపిస్తోంది, అది స్టీరియో మెమరీది.